పచ్చ నీళ్ళు, పన్నెండు టిన్నులు: నాచు, ఎరువు, బ్యాక్టీరియా లెక్కల డైరీ

ఈ డైరీ రాస్తున్నది ఇంకెవరైనా ఇదే పని చేయాలనుకుంటే చూసి చేసుకోవడానికి. చేయకపోయినా, నేను పోగొట్టుకున్న మూడు వారాలు వాళ్ళు పోగొట్టుకోకుండా ఉండటానికి.

తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. చెరువులోకి నత్రజని, భాస్వరం వచ్చి చేరితే నీటిలోని బ్యాక్టీరియా వాటితోనే నేరుగా పెరుగుతుందా? లేక ముందు నాచు పెరిగి, ఆ నాచు వల్ల బ్యాక్టీరియా పెరుగుతుందా? రెండోదే అయితే ఎప్పుడు పెరుగుతుంది, నాచు బాగా ఉన్నప్పుడా, చచ్చిపోతున్నప్పుడా?

మాది కొల్లేరు ఒడ్డున ఒక ఊరు. నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. నాన్నకు చేపల చెరువు ఉంది. పోయిన ఏడాది ఒక తెల్లవారుజామున ఆ చెరువులో చేపలు తేలిపోయాయి. ముందు రోజు సాయంత్రం దాకా నీళ్ళు చక్కటి పచ్చరంగులోనే ఉన్నాయి. ఎందుకలా అయిందో నాన్నకు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ పని.

పేర్ల గురించి ఒక మాట. పుస్తకాల్లో శైవలాలు అంటారు, చేపల రైతులు ప్లాంక్టన్ అంటారు. నీటిలో తేలుతూ నీటినే పచ్చగా చేసేదాన్ని నేను నాచు అంటాను. గోడకు పట్టేదాన్ని పాచి అంటాను. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

దశ 1: నీళ్ళు తేవడం (ఏప్రిల్)

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉండే లోతు తక్కువ సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు గుండా నీళ్ళు సముద్రానికి పోతాయి. పొలాల ఎరువు, చేపల చెరువుల నుంచి వదిలే నీళ్ళు, ఊళ్ళ మురుగు దారిలో ఏది కలిసినా చివరికి ఇక్కడికే చేరుతుంది. 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందినది. అభయారణ్యం హద్దుల్లో దిగాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. మేం హద్దుకు బయట, కొల్లేటి నీళ్ళు ఎక్కి నిండే మా ఊరి పెద్ద చెరువులో తోడాం.

1. ఒడ్డు నీళ్ళు వద్దు. గేదెలు దిగేది, బట్టలు ఉతికేది అక్కడే. బాబాయి తాటిదోనెలో చెరువు మధ్యకు వెళ్ళాం.
2. పైన తెట్టు పక్కకు తోసి, మోచేయి లోతు నుంచి తోడాలి.
3. 60 మైక్రాన్ల వలగుడ్డలో వడకట్టాలి. నీటిపురుగులు, దోమ పిల్లలు ఆగిపోతాయి. పెద్ద నాచు ముద్దలు కూడా కొన్ని ఆగుతాయి, దానికి మార్గం లేదు.
4. వడకట్టిన నీళ్ళన్నీ ముందు ఒకే డ్రమ్ములో పోసి కలిపి, ఆ తర్వాతే టిన్నులకు పంచాలి.

నాలుగోది మొదటిసారి చేయలేదు. దోనెలోనే ఒక్కో టిన్ను నింపుకుంటూ వచ్చాం. ఇంటికొచ్చి చూస్తే మొదటి టిన్నుకీ పన్నెండో టిన్నుకీ మొదలులోనే బ్యాక్టీరియా మూడు రెట్లు తేడా. దోనె కదిలినకొద్దీ అడుగు బురద లేచి చివరి టిన్నుల్లోకి వచ్చింది. బాబాయి ముందే అన్నాడు, "నువ్వు తోడేది నీళ్ళు కాదమ్మా, బురద" అని. ఆయన గెడ వేయడం ఆపి, బురద తేరేదాకా పది నిమిషాలు కూర్చుని ఉండాల్సింది.

టిన్నులంటే మంచినీళ్ళు అమ్మే 20 లీటర్ల టిన్నులే, పాతవి. 15 లీటర్ల వరకు నింపాం.

ఇప్పటిదాకా: టిన్నులు 12 × 110 = 1,320 రూపాయలు. వలగుడ్డ 380. మొత్తం 1,700.

దశ 2: మొదటి విడత ఎలా పాడైంది

ఆరు రోజులు నడిపి పారబోశాను. నాలుగు తప్పులు, విడత పాడవడానికి అందులో ఏ ఒక్కటైనా చాలు.

ఒకటి, ఎండ. టిన్నులు మేడ మీద నేరుగా పెట్టాం. రెండో రోజు మధ్యాహ్నం టిన్నులో థర్మామీటరు 41 డిగ్రీలు చూపించింది. చెరువులో అదే సమయానికి 31. నాచు రెండు రోజుల్లో గోధుమరంగుకు తిరిగి అడుగున కూర్చుంది.

రెండు, డీఏపీ. నాన్న షెడ్డులో ఉన్న బస్తాలోంచి ఒక్కో టిన్నుకు చిటికెడు వేశాను. తర్వాత ఆ చిటికెడు తూచాను: 0.6 గ్రాము. డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది, నత్రజని, భాస్వరం, పొటాష్ వరుసలో నూటికి ఎంత అని. అందులో 46 అనేది భాస్వరం కాదు, భాస్వరం పెంటాక్సైడు. దాన్ని 0.436తో హెచ్చిస్తే అసలు భాస్వరం వస్తుంది, నూటికి 20 వంతులు. అంటే 0.6 గ్రాములో 120 మిల్లీగ్రాములు, 15 లీటర్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములు. నేను వేయాలనుకున్నది లీటరుకు 0.2. నలభై రెట్లు వేశాను. బస్తా మీది అంకెను అలాగే తీసుకుని లెక్క వేసేవాళ్ళు చాలామంది కనబడతారు, దయచేసి ఇది గుర్తుంచుకోండి. పైగా డీఏపీలో నత్రజని, భాస్వరం కలిసే ఉంటాయి కాబట్టి ఏది ఏం చేసిందో విడదీయలేం.

మూడు, సబ్బుపొడి. టిన్నులు శుభ్రంగా ఉండాలని సబ్బుపొడితో తోమించాను. కొన్ని సబ్బుపొడుల్లో ఫాస్ఫేటు ఉంటుంది. ఏమీ కలపని టిన్ను కూడా కాస్త పచ్చబడింది, కారణం ఇదేనని నా అనుమానం. ఇప్పుడు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ నీళ్ళతో మూడుసార్లు తొలుస్తున్నాం. చేతికి గ్లవ్సు, కంటికి అద్దాలు లేకుండా ఈ పని పిల్లల చేత చేయించకండి.

నాలుగు, ప్లేట్లు. బ్యాక్టీరియాను మొలిపించి లెక్కపెట్టే పళ్ళాలివి. వాటిలో న్యూట్రియెంట్ అగార్ (బ్యాక్టీరియాకు తిండి కలిపిన జెల్లీ) పోసి, నీళ్ళు చేర్చి, కాలేజీ ఇంక్యుబేటరులో అలవాటు ప్రకారం 37 డిగ్రీల్లో పెట్టాం. మర్నాడు చూస్తే ఒక్కో ప్లేటులో నాలుగైదు పెద్ద మచ్చలు, అంతే. చెరువు నీటిలో బ్యాక్టీరియా అంత తక్కువ ఉండదు. 37 మనిషి ఒంటి వేడి. చెరువు బ్యాక్టీరియాకు అది జ్వరం. పైగా ఆ అగార్ వాటికి మరీ బలమైన తిండి. పలుచని నీటిలో బతికే జీవులకు ఒక్కసారిగా విందు పెడితే చాలావరకు మొలవవు.

పాడైన ప్లేట్లు 36. కొత్తగా కొన్నవి: పచ్చ షేడ్‌నెట్ 540, ఆమ్లం 160. మొత్తం 2,400.

దశ 3: రెండో విడత సెటప్ (జూన్ చివర)

మేడ మీద సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపి, టిన్నులను మెడ దాకా అందులో దించాం. పైన షేడ్‌నెట్. మధ్యాహ్నం టిన్నులో వేడి 30 నుంచి 32 మధ్య నిలిచింది. మిగతా మార్పులన్నిటికంటే ఈ ఒక్కదానికే ఎక్కువ ఫలితం కనబడింది.

భాస్వరానికి ముందు సూపర్ ఫాస్ఫేటు ప్రయత్నించాను. అందులో జిప్సం ఉంటుంది, అడుగున తెల్లగా దిగిపోయింది. డ్రిప్పు ద్వారా ఇచ్చే 0-52-34 ఎరువు తెచ్చాక సరిపోయింది. నత్రజని లేదు, పూర్తిగా కరుగుతుంది, అసలు భాస్వరం నూటికి 22.7. నత్రజనికి యూరియా, నూటికి 46.

ఎంత వేయాలి? నాచు ఒంట్లో కార్బన్, నత్రజని, భాస్వరం అణువుల లెక్కన సుమారు 106:16:1గా ఉంటాయి. రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. బరువు లెక్కలో నత్రజని భాస్వరానికి దాదాపు 7.2 రెట్లు. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల భాస్వరం, 1.44 మిల్లీగ్రాముల నత్రజని అనుకున్నాను.

అంటే ఒక్కో టిన్నుకు 0-52-34 ఎరువు 13 మిల్లీగ్రాములే. అంత తక్కువ తూచే త్రాసు మా దగ్గర లేదు. కాబట్టి ఇలా చేయండి:

1. 0-52-34 ఎరువు 1.32 గ్రాములు, లీటరు డిస్టిల్డ్ నీటిలో.
2. యూరియా 4.7 గ్రాములు, వేరే లీటరులో.
3. గ్లూకోజు 18.75 గ్రాములు, ఇంకో లీటరులో.
4. ఏది కావాలో అందులోంచి ఒక్కో టిన్నుకు 10 మి.లీ. పిపెట్టుతో. గ్లూకోజు సీసా ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంటే దాంట్లోనే బ్యాక్టీరియా మొలుస్తుంది.

టిన్నులు జతలుగా:

- 1, 2: ఏమీ కలపలేదు, వెలుతురు
- 3, 4: నత్రజని, వెలుతురు
- 5, 6: భాస్వరం, వెలుతురు
- 7, 8: రెండూ, వెలుతురు
- 9, 10: రెండూ, చీకటి (నల్లగుడ్డ రెండు చుట్లు)
- 11, 12: రెండూ, గ్లూకోజు, చీకటి

చీకటి టిన్నులే ఈ ప్రయోగానికి ప్రాణం. వెలుతురు లేకపోతే నాచు పెరగదు. అక్కడ ఎరువు ఉండీ బ్యాక్టీరియా పెరగకపోతే, ఎరువు దానికి సూటిగా తిండి కాదన్నమాట. కార్బన్ తిండి అయిన గ్లూకోజు వేస్తే పెరిగితే, లోటు కార్బన్‌దేనని తెలుస్తుంది.

ఇప్పటిదాకా: ఎరువు 180. మొత్తం 2,580.

దశ 4: లెక్కపెట్టే పద్ధతి మార్చాం

ప్లేట్లకు: మామూలుగా లీటరుకు 28 గ్రాములు వేసే న్యూట్రియెంట్ అగార్ పొడిని 2.8 గ్రాములే వేసి, గడ్డకట్టడానికి ఉత్త అగార్ 13.5 గ్రాములు కలిపాం. తిండి పదోవంతు, గట్టిదనం మాత్రం అంతే. ప్రెషర్ కుక్కరులో 20 నిమిషాలు. పోసి, ఆరబెట్టి, పైన 0.1 మి.లీ. నీళ్ళు గాజుకడ్డీతో పరిచాం. వేడి అగార్‌లో నీళ్ళు కలిపి పోసే పద్ధతి మానేశాం, ఆ వేడికే కొన్ని చస్తాయి. 28 డిగ్రీల్లో, ఏడు రోజులు.

ఏడు రోజులు ఆగడం కష్టం. రెండో రోజున 20 కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి కంటికి కనబడే మచ్చలు) ఉన్న ప్లేటులో ఏడో రోజుకు 90 అయ్యాయి. చిన్నవి, సూదిమొన అంత, పసుపు, నారింజ, కొన్ని లేత గులాబీ. ట్యూబులైటు కింద ప్లేటు వాల్చి చూస్తేనే కనబడతాయి. మొదటి విడతలో మర్నాడే లెక్కపెట్టి పారేసిన ప్లేట్లలో ఇవన్నీ ఉండే ఉంటాయి.

ఒక హెచ్చరిక. ప్లేటు మీద మొలిచేది నీటిలో ఉన్నదాంట్లో నూటికి ఒకటి కూడా కాకపోవచ్చు. కాబట్టి కింద ఇచ్చిన అంకెలు "ఇంత బ్యాక్టీరియా ఉంది" అని చెప్పవు. ఒక టిన్ను కంటే ఇంకో టిన్నులో ఎక్కువా తక్కువా అని మాత్రమే చెబుతాయి.

నాచుకు: 200 మి.లీ. నీటిని గ్లాస్‌ఫైబర్ ఫిల్టరులో వడకట్టి, ఆ ఫిల్టరును 90 శాతం అసిటోన్ 10 మి.లీ.లో రాత్రంతా చీకట్లో ఫ్రిజ్‌లో ఉంచి, అసిటోన్‌లోకి దిగిన పచ్చరంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో కాలేజీ స్పెక్ట్రోఫోటోమీటరులో చూసి, 665 నానోమీటర్ల దగ్గర రీడింగులోంచి 750 దగ్గర రీడింగు తీసేయడం. ఆ తేడానే నాచు అంకెగా రాశాను. అసిటోన్‌కు ప్లాస్టిక్ క్యువెట్ (ఆ యంత్రంలో పెట్టే చిన్న సీసా) వాడకండి. మాది ఒకటి మసకబారి పనికిరాకుండా పోయింది.

ఆక్సిజన్‌కు వింక్లర్ పద్ధతి, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలు చుక్క చుక్కగా కలిపి (టైట్రేషను) కొలవడం. మీటరు కంటే నెమ్మది, కానీ మీటరు ప్రోబు పాతబడితే అబద్ధం చెబుతుంది, టైట్రేషను చెప్పదు.

ఇప్పటిదాకా: అగార్ పొడులు 900, డిస్పోజబుల్ ప్లేట్లు వంద 850, వింక్లర్ రసాయనాలు 620. ఫిల్టర్లు, అసిటోన్ కాలేజీవి. మొత్తం 4,950.

దశ 5: రోజువారీ రీడింగులు

మొదలు: నాచు 0.03, బ్యాక్టీరియా మి.లీ.కు 9 వేలు. అన్ని టిన్నులకూ ఇదే. ఈసారి డ్రమ్ములో కలిపాం కదా.

2వ రోజు. పదకొండు, పన్నెండులో బ్యాక్టీరియా 6 లక్షల 40 వేలు. మిగతా ఏ టిన్నూ దీని దరిదాపుల్లో లేదు. తొమ్మిది, పదిలో అదే ఎరువు, అదే చీకటి, గ్లూకోజు మాత్రం లేదు: 26 వేలు. ఆ కాస్త పెరుగుదల కూడా ఎరువు వల్లనే అనుకోలేను, ఎందుకంటే ఏమీ కలపని 1, 2లో కూడా ఆ రోజు 14 వేలకు పెరిగింది. నీటిని సీసాలో బంధిస్తేనే గోడలకు పట్టుకుని కొంత పెరుగుతుంది.

4వ రోజు. ఏడు, ఎనిమిది లేత పచ్చ. నాచు 0.17, బ్యాక్టీరియా 21 వేలు.

తొమ్మిది, పదిలో బ్యాక్టీరియా 11 వేలకు దిగిపోయింది. ఎరువు ఎంత ఉన్నా, కార్బన్ లేకపోతే అక్కడితో ఆగిపోయింది.

6వ రోజు. మొత్తం విడతలో నీళ్ళు అన్నిటికంటే పచ్చగా ఉన్న రోజు ఇదే.

- 1, 2: నాచు 0.04
- 3, 4: 0.12
- 5, 6: 0.05
- 7, 8: 0.35

నేను అనుకున్నది తలకిందులైంది. పాఠంలో ఏళ్ళ తరబడి చెబుతున్నాను, మంచినీటి సరస్సుల్లో నాచును పట్టి ఉంచేది భాస్వరమే అని. కెనడాలోని ప్రయోగ సరస్సుల్లో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో ఒక సరస్సును మధ్యలో తెర కట్టి రెండు చేసింది. ఒకవైపు కార్బన్, నత్రజని వేశారు. రెండోవైపు ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడ్డ వైపే పచ్చబడింది. మా టిన్నుల్లో భాస్వరం ఒక్కటే వేస్తే దాదాపు ఏమీ కదల్లేదు. నత్రజని ఒక్కటే వేస్తే కొంత కదిలింది, రెండూ వేస్తే విజృంభించింది.

కెనడా ప్రయోగం తప్పని దీనర్థం కాదు. మా నీటికి చేపల చెరువుల నుంచి, అడుగు బురద నుంచి భాస్వరం ముందే అందుతూ ఉంటుంది, కాబట్టి మొదట కరువొచ్చేది నత్రజనికి. పైగా టిన్నులో చూసేది రెండు వారాలే. సరస్సులో ఏళ్ళు గడిస్తే గాలిలోని నత్రజనిని పట్టుకునే నీలి ఆకుపచ్చ నాచు వచ్చి ఆ లోటు కొంత పూడుస్తుంది. రెండు వారాల టిన్ను చూసి సరస్సు మీద తీర్పు చెప్పకూడదు. పాఠంలో మాత్రం ఇకనుంచి ఈ రెండు సంగతులూ కలిపి చెబుతాను.

అదే రోజు ఏడు, ఎనిమిదిలో బ్యాక్టీరియా 34 వేలు. నాచు దాదాపు పన్నెండు రెట్లు పెరిగితే బ్యాక్టీరియా నాలుగు రెట్లు కూడా పెరగలేదు. బతికున్న నాచు తాను తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత నీటిలోకి వదులుతుంది, బ్యాక్టీరియా దానిమీద బతుకుతుంది. అది చుక్క చుక్కగా అందే తిండి.

గ్లూకోజు టిన్నుల్లో ఈపాటికి బ్యాక్టీరియా 90 వేలకు పడిపోయింది. ఎందుకా అని ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాం. నీళ్ళంతా తోకలున్న చిన్న చిన్న జీవులు, ఫ్లాజెల్లేట్లు, గిరగిరా తిరుగుతూ మేస్తున్నాయి. 60 మైక్రాన్ల గుడ్డలోంచి ఇవి సులువుగా దూరిపోతాయి. బ్యాక్టీరియాను తినే జీవులు, వాటిని తినే పెద్ద నీటిపురుగులు, ఆ పురుగులను తినే చేపపిల్లలు. కరిగిపోయిందనుకున్న కార్బన్ ఈ దారిన మళ్ళీ తిండి గొలుసులోకి వస్తుంది. దీనికే మైక్రోబియల్ లూప్ అని పేరు, 1983 నుంచి వాడుకలో ఉన్న మాట.

దశ 6: రంగు పడిపోయిన రోజులు

7, 8, 9 రోజులు ముసురు. ఎండ లేదు. టిన్నుల్లో వేసిన ఎరువు కూడా అప్పటికి అయిపోయి ఉండాలి.

8వ రోజు పొద్దున ఏడో టిన్ను మూత తీస్తే పచ్చిగడ్డి కుళ్ళిన వాసన. పైన పలచని తెట్టు, పాలమీద మీగడలా. పుల్లతో లేపితే ముడతలు పడి, కింది వైపు నీలంగా కనబడింది. మా విద్యార్థిని ఆ తెట్టులోంచి ఒక చుక్క స్లైడు మీద పెట్టింది. దండలా ఉండే నాచు పోగు ఒకటి దొరికింది. అందులో సగం పూసలు పచ్చగా ఉన్నాయి, సగం ఖాళీ గాజుపూసల్లా ఉన్నాయి. పచ్చపూసల చుట్టూ నీళ్ళు తేటగా ఉన్నాయి. ఖాళీ పూసల చుట్టూ మాత్రం వణుకుతున్న చుక్కలు, పుల్లలు, కుప్పగా. "మేడమ్, చచ్చిన వైపే ఉన్నాయి అన్నీ" అంది ఆ అమ్మాయి. రెండు నెలలు ప్లేట్లలో లెక్కపెట్టినదాన్ని కంటితో చూడటం అదే మొదలు.

రీడింగులు, 7, 8 టిన్నులు:

- 8వ రోజు: నాచు 0.26, బ్యాక్టీరియా 88 వేలు
- 10వ రోజు: నాచు 0.11, బ్యాక్టీరియా 2 లక్షల 10 వేలు
- 13వ రోజు: నాచు 0.07, బ్యాక్టీరియా 1 లక్షా 20 వేలు

నాచు పెరుగుతున్న ఆరు రోజుల్లో బ్యాక్టీరియా 25 వేలు పెరిగింది. నాచు చస్తున్న నాలుగు రోజుల్లో 1 లక్షా 76 వేలు పెరిగింది. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఎరువు నాచుకు తిండి, నాచు బ్యాక్టీరియాకు తిండి, పెద్ద వడ్డన నాచు చచ్చినప్పుడు.

ఒక పొరపాటు ఇక్కడ కూడా జరిగింది. 10వ రోజుకు టిన్నుల గోడలకు పాచి పట్టింది. నీటిని మాత్రమే వడకట్టి లెక్కేస్తే గోడమీది పాచి లెక్కలోకి రాదు. 13వ రోజు ఎనిమిదో టిన్ను గోడ గీకి చూస్తే నీటిలో ఉన్నదానికి దాదాపు సమానంగా ఉంది. కాబట్టి 10వ రోజు తర్వాతి నాచు అంకెలను నేను పూర్తిగా నమ్మను. బ్యాక్టీరియా అంకెల దిశ మాత్రం మారదు. ఈసారి చేసేవాళ్ళు పది రోజులకే ఆపండి, లేదా రోజూ గోడలు బ్రష్షుతో తుడవండి.

ఇప్పటిదాకా వాడిన ప్లేట్లు: మొదటి విడత 36, రెండో విడత 148. మొత్తం 184.

దశ 7: తెల్లవారుజాము ఆక్సిజన్

మధ్యాహ్నం 3 గంటలకు, తెల్లవారుజామున 5 గంటలకు. ఏడో టిన్ను, లీటరుకు మిల్లీగ్రాముల్లో:

- 6వ రోజు: మధ్యాహ్నం 14.2, తెల్లవారుజామున 4.1
- 10వ రోజు: మధ్యాహ్నం 5.0, తెల్లవారుజామున 0.9

ఒకటో టిన్నులో రెండు రోజులూ 7.4కూ 6.3కూ మధ్యే ఉంది. 28 డిగ్రీల్లో నీళ్ళు గాలి నుంచి పట్టుకోగలిగేది 7.8 దాకానే. 14.2 అంటే నాచు ఎండలో దానికి దాదాపు రెట్టింపు తయారుచేసిందన్నమాట. ఆ మధ్యాహ్నం పీహెచ్ 9.6. అంత పీహెచ్‌లో అమ్మోనియా చేపలకు విషమయ్యే రూపంలోకి మారుతుంది, అది వేరే ప్రమాదం.

10వ రోజు సంగతి వేరు. ఆక్సిజన్ తయారుచేసే నాచు సగానికి పైగా పోయింది, దాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా ఆరు రెట్లు పెరిగింది. పగలు రాబడి లేదు, రాత్రి ఖర్చు ఆగలేదు.

ఈ రెండు వరుసలు కాగితం మీద రాసి నాన్నకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"అప్పుడు కూడా ముందు మూడు రోజులు మబ్బే కదమ్మా" అన్నారు.

అవును. ఆ సంగతి నాకు గుర్తు లేదు, ఆయనకు ఉంది. ఇప్పుడు మా చెరువులో వరుసగా రెండో రోజు మబ్బు పడితే మేతా ఎరువూ ఆపేస్తున్నారు, ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) రాత్రి 11 నుంచే తిప్పుతున్నారు. కరెంటు పోతే డీజిల్ ఇంజను సిద్ధంగా ఉంచుతున్నారు.

దశ 8: మూడో విడత, గ్లూకోజు వెలుతురులో (జూలై చివర)

నాలుగు టిన్నులే. రెండు ఉత్త నీళ్ళు, రెండింటిలో గ్లూకోజు మాత్రమే, ఎరువు లేదు. నాలుగూ వెలుతురులో. మొదలులో నాచు 0.04.

5వ రోజు ఉత్త నీళ్ళలో నాచు 0.05. గ్లూకోజు వేసినవాటిలో 0.02. రెండో రోజు అక్కడ బ్యాక్టీరియా 4 లక్షల 10 వేలు.

నాచు తగ్గిందేమిటి? కార్బన్ చేతికందగానే బ్యాక్టీరియాకు నత్రజని, భాస్వరం కావాల్సి వచ్చాయి, నీటిలో ఉన్న కొద్దిపాటినీ అవే లాగేశాయి. ఒళ్ళు ఎంత చిన్నదైతే, దాని పరిమాణంతో పోలిస్తే పైతలం అంత ఎక్కువ. అందుకే పోషకాలు పలచగా ఉన్నప్పుడు నాచు కంటే బ్యాక్టీరియాయే ముందుగా అందుకుంటుంది. నాచు ఇచ్చే తిండిమీద బతికేదే, ఎరువు దగ్గరికొచ్చేసరికి నాచుకు పోటీ. అనుమానం తీర్చుకోవడానికి 5వ రోజు ఒక గ్లూకోజు టిన్నులో రెండు ఎరువులూ వేశాను. మరో ఐదు రోజులకు నాచు 0.21కి లేచింది. రెండోది 0.02 దగ్గరే ఉంది.

చేపల చెరువుల్లో బెల్లం, తవుడు నీళ్ళలో కలిపి వేసేవాళ్ళకు ఈ టిన్ను చూపించాలి. బెల్లంతో బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియాను లాగేసుకోవడం నిజమే. ఆ రాత్రి ఆక్సిజన్‌ను లాగేసుకోవడం కూడా నిజమే. ఏరియేటరు లేని చెరువులో ఆ పని చేయకండి.

ప్లేట్లు 24, మొత్తం 208. కొత్త ఖర్చు లేదు, 4,950 దగ్గరే ఉంది.

పారేసేటప్పుడు: ప్లేట్లు కుక్కరులో మరిగించాకే చెత్తలోకి. టిన్నుల నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు వేసి ఒక రోజు ఉంచి పారబోయండి, చెరువులోకి తిరిగి పోయకండి. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాలు చేస్తాయి. చేతికి గాయం ఉంటే ఆ తెట్టు ముట్టుకోవద్దు, పశువులను తాగనివ్వద్దు.

దశ 9: బురద (ఆగస్టు, నడుస్తోంది)

ఇప్పటిదాకా టిన్నుల్లో అడుగు లేదు. చెరువుకు ఉంటుంది. మా నీటికి భాస్వరం బురద నుంచి అందుతోందని దశ 5లో అన్నాను, అది చూపించలేదు. అందుకే బాబాయి దోనె నుంచి గొట్టం గుచ్చి తీసిన బురద, రెండు టిన్నుల అడుగున రెండు అంగుళాలు పరిచాం. పైన వడకట్టిన నీళ్ళు, బురద లేవకుండా పళ్ళెం మీద ధారగా పోసి. ఎరువు చుక్క వేయలేదు. పక్కన బురద లేని టిన్నులు రెండు.

4వ రోజు నాచు: బురద లేనివాటిలో 0.04. బురద ఉన్నవాటిలో 0.09, 0.10.

అడుగు దగ్గర ఆక్సిజన్ రేపు తెల్లవారుజామున 5 గంటలకు చూడాలి. ఆక్సిజన్ అడుగంటితే బురదలో ఇనుముకు అతుక్కున్న భాస్వరం విడుదలవుతుంది. 6వ రోజుకు ఈ తేడా ఇంకా పెరుగుతుందని నా అంచనా. సైఫన్ గొట్టం కడిగి ఆరబెట్టాను, సీసాల మీద లేబుళ్ళు రాశాను.